రాజుల తోటలు, ప్రజల తోటలు

ఐరోపా ఖండంలో ఆస్ట్రియా అనే చిన్న దేశం ఉంది. దాని రాజధాని వియన్నా. ఒకప్పుడు అది పెద్ద సామ్రాజ్యానికి రాజధాని. హాబ్స్‌బర్గ్ వంశం వాళ్లు అక్కడ 600 ఏళ్లకు పైగా ఏలారు. వాళ్ల భవనాలు, తోటలు చూడటానికి దేశదేశాల జనం వస్తారు. మనం పోలేకపోయినా చదివి తెలుసుకోవచ్చు. రండి, ఒక రోజంతా వియన్నాలో తిరిగి వద్దాం.

పొద్దున: షోన్‌బ్రున్

ముందుగా షోన్‌బ్రున్ చూద్దాం. ఇది ఎండాకాలం విడిది. పసుపు రంగు గోడలు. పెద్దవీ చిన్నవీ కలిపి 1,441 గదులు! దీన్ని ఇంత గొప్పగా కట్టించింది మరియా థెరీసా అనే రాణి. ఆమె 1740 నుంచి 1780 దాకా ఏలింది. ఆమెకు పదహారుమంది పిల్లలు. 1762లో మోజార్ట్ అనే ఆరేళ్ల పిల్లవాడు ఇక్కడ ఆమె ముందు సంగీతం వాయించాడు. తర్వాత లోకమంతా మెచ్చిన సంగీతకారుడయ్యాడు.

భవనం వెనక పెద్ద తోట ఉంది. అందులో 1752లో పెట్టిన జంతువుల కొట్టాలు ఉన్నాయి. ఇప్పటికీ నడుస్తున్న జంతు ప్రదర్శనశాలల్లో లోకంలో ఇదే పాతది. తోట చివర గుట్ట ఉంది. గుట్ట మీద కమానుల మండపం. అక్కడ నిలబడితే ఊరంతా కనబడుతుంది.

మొదట్లో ఈ తోట రాజకుటుంబానిదే. 1779 ప్రాంతంలో రాణి కొడుకు జోసెఫ్ గేట్లు తెరిపించాడు. అప్పట్నుంచి మామూలు జనం కూడా లోపలికి వస్తున్నారు. ఇప్పుడు భవనం లోపలికి టిక్కెట్టు కొనాలి. తోటలో తిరగడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు.

ఈ రాణి ఇంకో పని కూడా చేసింది. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ బడికి పోవాలని 1774లో ఉత్తర్వు వేసింది. ఉత్తర్వు వచ్చిందని మర్నాడే అందరూ బడికి పోలేదు. చాలామంది రైతులు పొలం పనికి పిల్లలు కావాలన్నారు. అందరూ చదువుకోవడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

మధ్యాహ్నం: బెల్వెదెరె

ఇది యూజీన్ అనే సేనాపతి కట్టించుకున్న భవనం. నిజానికి రెండు భవనాలు. కింది భవనం 1716లో, పై భవనం 1723లో పూర్తయ్యాయి. రెంటి మధ్య వాలుగా తోట, నీటి ఫౌంటెన్లు ఉన్నాయి. ఇప్పుడిది బొమ్మల ప్రదర్శనశాల.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆస్ట్రియాను నాలుగు దేశాల సైన్యాలు పంచుకుని కూర్చున్నాయి. పదేళ్లు అలాగే గడిచింది. 1955 మే 15న ఆ సైన్యాలు వెళ్లిపోయేందుకు ఒప్పందం జరిగింది. సంతకాలు పెట్టింది ఈ పై భవనంలోనే. బయట తోటలో జనం కిక్కిరిసి నిలబడ్డారు. మంత్రి బాల్కనీలోకి వచ్చి ఆ కాగితం ఎత్తి చూపించాడు. జనం కేరింతలు కొట్టారు.

సాయంత్రం: ప్రజల తోట

ఊరి నడుమ హోఫ్‌బుర్గ్ అనే పాత రాజభవనం ఉంది. దాని పక్కన గులాబీల తోట ఉంది. పేరు ఫోక్స్‌గార్టెన్. అంటే 'ప్రజల తోట'. అక్కడ ఇదివరకు కోట గోడ ఉండేది. 1809లో నెపోలియన్ సైన్యం దాన్ని పేల్చేసింది. ఆ చోట తోట వేసి, 1823లో జనానికి తెరిచారు.

1918లో రాజుల పాలన పోయింది. చివరి చక్రవర్తి కార్ల్, పాలన నుంచి తప్పుకుంటున్నానని షోన్‌బ్రున్‌లోనే సంతకం పెట్టాడు. మర్నాడే ప్రజల ప్రభుత్వం ఏర్పడింది. ఇప్పుడు షోన్‌బ్రున్‌కు యజమాని ఆ దేశ ప్రభుత్వం. అంటే ఆ దేశ ప్రజలే.

రాజభవనాల వెనక రైతులు, పనివాళ్లు కట్టిన పన్నులున్నాయి. రాళ్లు మోసిందీ, తోటకు నీళ్లు పోసిందీ వాళ్లే. వాళ్ల మునిమనవలు ఇప్పుడు అదే తోటలో పిల్లల్ని ఆడించుకుంటున్నారు. గేటు తెరుచుకోవడానికి చాలా కాలం పట్టింది. బడి తలుపూ అంతే.

ఆలోచించండి

1. రాణి ఉత్తర్వు వేసినా పిల్లలు వెంటనే బడికి ఎందుకు పోలేదు?
2. మీ ఊళ్లో అందరికీ చెందిన చోట్లు ఏవి? వాటిని ఎవరు చూసుకుంటున్నారు?