చక్రవర్తికి పంపిన చెరుకు తోట

ల్యాబ్‌లో బోర్ కొట్టి చెరుకు పెయింటింగ్స్ వెతుకుతుంటే జోసెఫ్ డ్వైట్ స్ట్రాంగ్ బొమ్మ దొరికింది. ఈయన అమెరికా నుంచి హవాయి దీవులకు వచ్చిన చిత్రకారుడు. 1885లో మౌయి దీవిలోని స్ప్రెకెల్స్‌విల్ చెరుకు తోటలో జపాన్ కూలీలను గీశాడు. గీయించింది హవాయి రాజు కలాకువా, జపాన్ చక్రవర్తికి కానుకగా ఇవ్వడానికి. ప్రభుత్వ ఒప్పందం మీద జపాన్ కూలీలు దిగడం మొదలైంది కూడా ఆ ఏడాదే. అంటే నా లెక్కలో ఇదొక యాడ్! మీవాళ్ళు ఇక్కడ బాగున్నారు, ఇంకా పంపండి అని. నిజంగానే ఎవరి మొహంలోనూ అలసట కనిపించలేదు నాకు.

సెలవుల్లో చందూర్ వెళ్ళినప్పుడు నాయనమ్మకు ఫోన్‌లో చూపించా. బోధన్ ఫ్యాక్టరీకి పోయే చెరుకు ఏళ్ళ తరబడి కొట్టిన మనిషి. కాసేపు చూసి, "చేతులు గీరుకుపోయినట్టు లేవేందిరా?" అంది. చెరుకాకు బ్లేడులా కోస్తుందని నాకు అప్పుడే తెలిసింది.