మంచువాలుపై పందెము

శీతకాలమున ఐరోపాఖండమందలి ఆల్ప్స్ పర్వతములు మంచుతో కప్పబడి తెల్లగా మెఱయుచుండును. ఆ ప్రాంతపు బాలబాలికలు పెక్కుమంది చిన్ననాటనే కాళ్ళకు స్కీలను కట్టుకొని మంచుపై జారుట నేర్తురు. స్కీ యనగా ముందుకొన పైకి వంగియుండు పొడవైన సన్నని పలక. ఈ పలకలపై నిలిచి, కొండమీదినుండి దిగువకు అతివేగముగా జారు పందెమునకు డౌన్‌హిల్ అని పేరు.

ఈ క్రీడకు పందెపురూపము నిచ్చినవారిలో ఆర్నాల్డ్ లన్ అను ఆంగ్లేయుడు ముఖ్యుడు. ఆయన 1888లో మద్రాసు నగరమున జన్మించెను. 1911లో స్విట్జర్లాండునందలి మొంటానా వద్ద ఆయన డౌన్‌హిల్ పందెమును నడిపించెను. 1948లో ఈ పందెము ఒలింపిక్ క్రీడలలో ప్రత్యేకస్థానమును పొందెను.

పందెగాండ్రు ఒకరి తరువాత ఒకరుగా బయలుదేరుదురు. దారిపొడవునను జెండాలతో ఏర్పఱచిన ద్వారములనన్నిటిని దాటవలయును. అందఱికంటె తక్కువ కాలములో గమ్యము చేరినవారే విజేతలు. వేగము గంటకు 100 కిలోమీటర్లను మించును. గాలి అడ్డగింపకుండుటకై వారు మోకాళ్ళు వంచి, శరీరమును ముడుచుకొని జారుదురు. మలుపులలో స్కీల ఉక్కు అంచులు గట్టిమంచును కోయుచు పట్టునిచ్చును. పట్టు తప్పినచో ఎముకలు విఱుగవచ్చును; ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. అందుచేత శిరస్త్రాణము తప్పనిసరి. దారిప్రక్కల వలలు కట్టుదురు.

చూచువారికిది తెగింపుగా తోచును. కాని దీనివెనుక గొప్ప జాగ్రత్త యున్నది. పందెమునకు ముందుదినములలో అదే మార్గమున సాధన చేయుదురు. మెల్లగా దిగుచు ప్రతి మలుపును, ప్రతి మిట్టను గుర్తుంచుకొందురు. మంచు చల్లదనమునుబట్టి స్కీల అడుగున తగిన మైనమును పూయుదురు.

ఈ శ్రద్ధకు ఫలమెట్టిదో 1984లో సారయెవో ఒలింపిక్ క్రీడలలో కనబడెను. స్విట్జర్లాండునకు చెందిన మికేలా ఫిజీని అను 17 ఏండ్ల బాలిక అందు డౌన్‌హిల్ స్వర్ణపతకమును గెలిచెను. రెండవస్థానము పొందిన మరియా వాలిజర్ ఆమె దేశస్థురాలే. వారిరువురికిని గల తేడా సెకనులో నూఱింట అయిదు వంతులు మాత్రమే! అది ఱెప్పపాటుకంటెను స్వల్పము. ఒక్క మలుపులో కొంచెము ఏమఱినను ఆ విజయము చేజాఱియుండును.

స్వయంకృషికి తోడు ఇతరుల ఔదార్యమును ఒక్కొక్కప్పుడు అవసరమగును. 1956లో ఇటలీయందలి కోర్టినా ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రియా యువకుడు టోనీ సైలర్ అప్పటికే రెండు స్వర్ణపతకములను గెలిచియుండెను. అతనికి 20 ఏండ్లు. డౌన్‌హిల్ పందెమునకు కొంచెము ముందు అతని స్కీ కట్టు తెగిపోయెను. వేఱొక కట్టు దొరకలేదు. అంతలో ఇటలీ జట్టు శిక్షకుడు తన స్కీల కట్టును విప్పి అతనికిచ్చెను. గాలి తీవ్రముగా వీచుచుండ, పలువురు గమ్యము చేరలేకపోయిన ఆ పందెమున సైలర్ 3.5 సెకనుల తేడాతో నెగ్గి మూడవ స్వర్ణమును పొందెను.

ఆ శిక్షకుడు మౌనముగా నుండినచో ఎవరును ఆయనను నిందించియుండరు. అయినను ప్రత్యర్థికి పోటీపడు అవకాశము లేకుండ గెలుచుట గెలుపు కాదని ఆయన యెఱిగెను. వేగమునకు సాధన యెంత బలమో, క్రీడకు ఇట్టి సౌహార్దము అంత బలము.