దూడకు తాడు అలవాటు చేద్దాం

మన ఊళ్లల్ల బర్రెను సాకేది ఎవరు? పేడ తీసేది మనం. గడ్డి వేసేది మనం. కుడితి పెట్టేది మనం. పాలు పిండేది కూడ చాలా ఇండ్లల్ల మనమే. కాని పశువుల డాక్టరు సూదులు వేయడానికి వచ్చిన రోజు ఏమంటం? "మా ఆయన ఇంట్ల లేడు సారూ, అది నాకు పట్టుపడదు" అంటం. డాక్టరు పక్కింటికి పోతడు. మన బర్రెకు సూది పడదు.

అది మనకెందుకు పట్టుపడదు? మనకు బలం తక్కువ అని కాదు. పెద్ద బర్రె 400 కిలోల పైన ఉంటది. దాని ముందర మొగవాళ్ల బలం కూడ చాలదు. అలవాటు ఉంటేనే అది వెంట వస్తది. బర్రె దూడ పుట్టినప్పుడు 25, 30 కిలోలు ఉంటది. నేర్పవలసింది అప్పుడే.

ముందు తాడు సంగతి చూద్దాం. మెడకు వేసేది పలుపు. కొందరు తలుగు అంటరు. దానికి కట్టి మనం చేత పట్టుకునేది పగ్గం. లేత దూడ మెడకు నైలాన్ తాడు వద్దు. అది తోలును కోస్తది. ఇంట్ల పాత నూలు చీర ఉంటది కద! దాన్ని మూడు పేలికలుగ చింపాలి. జడ అల్లినట్టు గట్టిగ అల్లాలి. మెత్తటి పలుపు తయారైతది. పైసా ఖర్చు లేదు.

ఇక ముడి. ఇది ప్రాణం మీది సంగతి. గుంజితే బిగుసుకుపోయే ముడి వేయవద్దు. దాన్ని ఉచ్చు ముడి అంటరు. దూడ బెదిరి గుంజుకుంటే అది మెడకు ఉరి పడతది. మరి మన ముడి ఎట్లాంటిదో ఎట్లా తెలుస్తది? ముందు మన మోకాలికి వేసి చూడాలి. కొసను పట్టి గట్టిగ గుంజాలి. మోకాలు బిగుసుకుందా? అయితే అది ఉచ్చు. విప్పి మళ్లీ కట్టాలి. ఎంత గుంజినా బిగియని ముడి అయితేనే దూడ మెడకు వేయాలి. పలుపుకు, మెడకు నడుమ మన నాలుగు వేళ్లు పట్టాలి. అంతకన్న వదులైతే తల జారిపోతది. కాలు కూడ ఇరుక్కుంటది.

మొదటి రెండు మూడు రోజులు పలుపు ఒక్కటే వేయాలి. పగ్గం వద్దు. తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు వేస్తే దూడ పట్టించుకోదు. తరువాత తల విదిలిస్తది, గోడకు మెడ రాస్తది. రాయనీయండి. రెండు రోజులకు మరిచిపోతది.

అప్పుడు బారెడు పగ్గం కట్టి, మనం దగ్గర ఉండి, దూడను వాకిట్ల తిరగనీయాలి. పగ్గం ఉన్న దూడను ఒంటిగ వదిలి పోవద్దు. అది మంచం కోడుకో, ముండ్ల కంపకో చిక్కుకుంటది.

పెద్దవాళ్లు కొందరు ఒక మాట అంటరు. "గుంజకు కట్టి వదిలెయ్, కొట్టుకొని కొట్టుకొని అదే నేర్చుకుంటది." నేను దీనికి ఒప్పుకోను. అట్లా కొట్టుకుంటే మెడ నరాలు దెబ్బ తినవచ్చు. దూడ పడిపోయి తాడుకు వేలాడవచ్చు. ఇంకొకటి, అది నేర్చుకునేది నడక కాదు, భయం. తాడు పట్టుకున్న మనిషిని చూస్తేనే ఉరుకుతది.

నడిపించడం ఎట్లా? దూడకు ఎదురుగ నిలబడి గుంజవద్దు. మనం ముందుకు గుంజితే అది నాలుగు కాళ్లు తన్ని వెనక్కి గుంజుతది. ఏ జీవం గుణమైనా అదే. దూడ మెడ పక్కన నిలబడాలి. మొదటి నడక తల్లి దిక్కు ఉండాలి. అది ఎట్లయినా అటే పోతది కద! పగ్గం కొంచెం బిగించి పట్టి ఆగాలి. దూడ ఒక్క అడుగు వేస్తే చాలు, వెంటనే వదులు చేయాలి. మళ్లీ కొంచెం బిగించాలి. అడుగు వేయంగనే మళ్లీ వదలాలి. "నడిస్తే మెడ మీద బిగువు పోతది" అని దానికి తెలుస్తది. అసలు పని చేసేది బిగించడం కాదు, వదలడం. మొండికేస్తే ఇంకొకరు వెనుక నుంచి చేత్తో మెల్లగ నెట్టాలి. తోక మెలి పెట్టవద్దు. తోకలో ఎముకలుంటయి, విరుగుతయి. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చాలు. అయినంక గుప్పెడు పచ్చగడ్డి పెట్టాలి.

పట్నాలల్ల కొందరు పిల్లికి కూడ పట్టీ వేసి వీధిలో తిప్పుతరు. నవ్వు వస్తది కాని వాళ్లు చేసేది కూడ ఇదే. ముందు పట్టీకి అలవాటు చేస్తరు. తరువాత తినేది చూపించి, గుంజకుండ నడిపిస్తరు. కాకపోతే పిల్లి మెడలోని పట్టీ నుంచి తప్పించుకుంటది. అందుకే ఛాతీ చుట్టు వచ్చే పట్టీ వేస్తరు.

పగ్గాన్ని మన చేతికి చుట్టుకోవద్దు. నడుముకు కట్టుకోవద్దు. దూడ ఉరికితే వేళ్లు తెగుతయి, మనిషిని ఈడ్చుకుపోతది. మడత పెట్టి పిడికిట్ల పట్టుకోవాలి. పిల్లలకు కూడ ఈ మాట చెప్పండి.

మన చెన్నూరు మీదుగ 63వ నంబరు జాతీయ రహదారి పోతది. లారీ హారనుకు దూడ బెదురుతది. కాబట్టి ముందు గల్లీల నేర్పాలి. రోడ్డు మీద దూడను అంచు దిక్కు ఉంచి, మనం బండ్ల దిక్కు నడవాలి. లారీ వస్తుంటే రోడ్డు దిగి ఆగాలి. చీకట్ల తోలుకపోవద్దు.

దూడ పెరుగుతది. పలుపు పెరగదు! పదిహేను రోజులకొకసారి వేళ్లు పెట్టి చూసి, వదులు చేయాలి. మరిచిపోతే తాడు తోలులోకి దిగుతది. పుండు పడి, ఈగలు వాలి, పురుగులు పడతయి. వెంట్రుకల కింద పుండు కంటికి కనపడదు. చేయి పెట్టి తడమాలి. పుండు ఉంటే పలుపు తీసి పశువుల దవాఖానకు తీసుకపోవాలి. కట్టేసే తాడు మరీ పొట్టిగ కూడ ఉండవద్దు. పశువు పండుకోవాలి, లేవాలి. పశువును చాలాసేపు మరీ పొట్టి తాడుతో కట్టేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఆడ దూడకు 4 నెలల నుంచి 8 నెలల లోపల ఒక సూది వేస్తరు. అది బ్రూసెల్లా జబ్బు రాకుండ వేసే సూది. ఈ జబ్బుతోని చూడి బర్రెలు ఈసుకపోతయి. మనుషులకు కూడ అంటుకుంటది. ఈ సూది బతుకులో ఒక్కసారే. 8 నెలలు దాటితే వేయరు. గాలికుంటు సూది అయితే ఏడాదికి రెండుసార్లు వేయించాలి. చెవికి 12 అంకెల పసుపు బిళ్ల కూడ వేస్తరు. వీటన్నిటికీ దూడ కదలకుండ నిలబడాలి.

పుట్టిన నెలలోనే తాడుకు అలవాటైతే, ఆ రోజు ఆయన కోసం ఎదురుచూసే పని లేదు. పగ్గం పట్టుకొని మనమే తీసుకపోవచ్చు. రేపు ఆ పడ్డ పెరిగి తొలిసారి ఈనినప్పుడు, మన చేయి దానికి కొత్త కాదు. పొదుగు ముట్టుకుంటే అంత తొందరగ తన్నదు.