పోనన్నాడంటే... పెట్టె సర్దేసినట్టే!

‘పార్టీ మారే ప్రసక్తే లేదు’ అని ఒక ఎమ్మెల్యే ప్రెస్‌మీట్ పెట్టి మరీ చెప్పాడంటే మనకేం అర్థమవుతుంది? కొత్త కండువా ఇస్త్రీ అవుతోందని! అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌లది కూడా సేమ్ టు సేమ్ ఇదే లెక్క. ‘మన కోచ్ ఆ పక్క యూనివర్సిటీకి పోతాడా?’ అనే ప్రశ్న నవంబర్ వచ్చిందంటే చాలు, అక్కడి ఊళ్లను నిద్రపోనివ్వదు.

ముందొక క్లారిటీ. ఈ ఫుట్‌బాల్ మెస్సీ ఆడేది కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. కాలేజీ ఆటే కదా అని తేలిగ్గా తీసుకోకండి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లందరిలోకీ ఎక్కువ జీతం గవర్నర్‌కి కాదు, యూనివర్సిటీ కోచ్‌కే.

నేను ఎంఎస్ చేసింది లూసియానాలోని బాటన్ రూజ్‌లో. ఊరి జనాభా రెండు లక్షల పైచిలుకు. ఎల్‌ఎస్‌యూ వాళ్ల టైగర్ స్టేడియంలో సీట్లేమో లక్షకు పైనే! మ్యాచ్ ఉన్న శనివారం లైబ్రరీలో నేనూ, నా అసైన్‌మెంటూ తప్ప ఇంకెవరూ ఉండేవాళ్లం కాదు. మా పక్కింటి పెద్దాయన చాలా మంచివాడు, ఒండిన జంబలాయా డబ్బాలో పెట్టి ఇచ్చేవాడు. కానీ నిక్ సేబన్ పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. ‘ఆ మనిషి’ అనేవాడు, అంతే.

‘ఆ మనిషి’ 2003 సీజన్‌లో ఎల్‌ఎస్‌యూకి నేషనల్ టైటిల్ తెచ్చిన కోచ్. తర్వాత మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ టీమ్‌కి వెళ్లాడు. 2006 డిసెంబర్‌లో అలబామా యూనివర్సిటీ పిలుస్తోందని గుసగుసలు మొదలైతే, నేను అలబామా కోచ్‌ని కాబోవడం లేదని విలేకర్ల ముందు తెగేసి చెప్పాడు. పట్టుమని రెండు వారాలు తిరగలేదు, 2007 జనవరి 3న అలబామాలో చేరిపోయాడు. ఎల్‌ఎస్‌యూకి బద్ధ శత్రువు అలబామా. నిజానికి ఆయన నేరుగా ఇక్కణ్నుంచి అక్కడికి దూకలేదు, మధ్యలో రెండేళ్లు గ్యాప్ ఉంది. అయినా బాటన్ రూజ్ ఆ గ్యాప్‌ని లెక్కలోకే తీసుకోలేదు. 2012 జనవరిలో న్యూ ఆర్లీన్స్‌లో, అంటే లూసియానా గడ్డ మీదే, సేబన్ అలబామా ఎల్‌ఎస్‌యూని 21-0తో ఓడించి టైటిల్ పట్టుకుపోయింది. పెద్దాయన బాధ నాకు అప్పుడర్థమైంది.

మాట తప్పడంలో సేబన్ మొదటివాడేమీ కాదు. 1998లో టామీ టూబర్‌విల్ అనే కోచ్ ఓల్ మిస్ నుంచి తనని శవపేటికలో మోసుకుపోవాల్సిందే తప్ప తానుగా కదలనన్నాడు. కొన్ని రోజుల్లోనే అదే డివిజన్‌లో ఉన్న ఆబర్న్‌కి వెళ్లిపోయాడు. ఈయన తర్వాత అలబామా నుంచి సెనేటర్ కూడా అయ్యాడు. ప్రాక్టీస్ ఎక్కడ అయిందో చెప్పక్కర్లేదు! 2021లో లింకన్ రైలీదింకో రకం తెలివి. ఎల్‌ఎస్‌యూకి నేను వెళ్లనన్నాడు. నిజమే, వెళ్లలేదు. మర్నాడు యూఎస్‌సీకి వెళ్లాడు.

నన్నడిగితే ‘పోను’ అనే మాటని పట్టుకుని కూర్చోవడం టైమ్ వేస్ట్. క్యాలెండర్ చూడాలి. 2025లో లేన్ కిఫిన్ కథ చూడండి. అంతకంటే క్లియర్ ఉదాహరణ దొరకదు.

మిసిసిపీ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఉంటుంది ఓల్ మిస్. అక్కడ కిఫిన్ ఆరో సీజన్ అది. ఎల్‌ఎస్‌యూని కూడా ఓడించి, టీమ్ 11 గెలుపులు, ఒకే ఓటమితో దూసుకుపోతోంది. అటు ఎల్‌ఎస్‌యూ అక్టోబర్ చివర్లో తన కోచ్ బ్రయన్ కెల్లీని పీకేసింది. ఒప్పందం మధ్యలో తీసేసినందుకు ఆయనకి కట్టాల్సిన పరిహారమే 50 మిలియన్ డాలర్లకు పైన. అంత నష్టం భరించిన యూనివర్సిటీ తర్వాతి కోచ్ దగ్గర బేరమాడుతుందా? కిఫిన్‌కి ఏడాదికి సుమారు 13 మిలియన్ డాలర్లు. మన లెక్కలో వంద కోట్ల పైమాటే.

ఇక అసలు చిక్కు. హైస్కూల్ కుర్రాళ్లు కాలేజీలతో సంతకాలు చేసే రోజు డిసెంబర్ 3. ప్లేఆఫ్ మ్యాచ్‌లేమో ఆ తర్వాత. సీజన్ అయ్యాక తీరిగ్గా ఆలోచిద్దాం అంటే కొత్త టీమ్‌కి పిల్లలు దొరకరు. అందుకే నవంబర్ 30న కిఫిన్ ఎల్‌ఎస్‌యూకి ఓకే చెప్పేశాడు. ప్లేఆఫ్ వరకూ ఇక్కడే కోచింగ్ ఇస్తానని అడిగాడు. ఓల్ మిస్ కుదరదు పొమ్మంది. కరెక్టే కదా? రేపు ఎదుటి టీమ్‌లో ఉండేవాడికి ఇవాళ మన ప్లాన్ బుక్ చేతికివ్వం. ఎయిర్‌పోర్ట్ కంచె దగ్గర ఫ్యాన్స్ గుమిగూడి తిట్లతో సాగనంపారు.

అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న నా జూనియర్‌కి ఫోన్ చేశా. ‘అన్నా, ఇక్కడ చావింట్లో ఉన్నట్టుంది’ అన్నాడు. వీడు మూడేళ్ల క్రితం టచ్‌డౌన్‌కీ టేకాఫ్‌కీ తేడా తెలియనివాడు!

నాకు మాత్రం ఫ్యాన్స్ మీద కంటే ఆటగాళ్ల మీదే జాలి. పద్దెనిమిదేళ్ల కుర్రాడు యూనివర్సిటీ పేరు చూసి రాడు, కోచ్ తమ ఇంటికొచ్చి అమ్మానాన్నలకిచ్చిన మాట చూసి వస్తాడు. 2021 వరకూ రూలెలా ఉండేదంటే, కోచ్ రాత్రికి రాత్రి శత్రువు దగ్గరికి పోవచ్చు. కుర్రాడు కాలేజీ మారితే మాత్రం మామూలుగా ఒక ఏడాది ఆడకుండా బెంచీ మీద కూర్చోవాలి. ఇప్పుడా శిక్ష పోయింది, వాళ్లూ మారుతున్నారు. ‘ఈ కాలం పిల్లలకి నిలకడ లేదు’ అని కోచ్‌లు వాపోతుంటే నాకు నవ్వొస్తుంది. నేర్పిందెవరండీ?

కిఫిన్ తప్పు చేశాడా అంటే, ఉద్యోగం మారడం తప్పని నేననను. పేకేజీ పెరిగితే మనం మారమా? పైగా ఎల్‌ఎస్‌యూ టైటిల్స్ గెలిచిన చోటు. కానీ టీమ్ చరిత్రలోనే పెద్ద మ్యాచ్‌ల ముందు వదిలేసి వెళ్లడం వేరే సంగతి. ఆ క్యాలెండర్ పెట్టినవాళ్లదీ అందులో సగం పాపం.

తర్వాతేమైందో చూడండి. డిఫెన్స్ చూసుకునే పీట్ గోల్డింగ్ హెడ్ కోచ్ అయ్యాడు. కిఫిన్‌తో ఎల్‌ఎస్‌యూలో చేరిపోయిన చార్లీ వైస్ జూనియర్ ప్లేఆఫ్ కోసం వెనక్కొచ్చి ఓల్ మిస్‌కి పనిచేశాడు. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ! కిందిస్థాయి డివిజన్ 2 కాలేజీ నుంచి వచ్చిన ట్రినిడాడ్ చాంబ్లిస్ క్వార్టర్‌బ్యాక్‌గా టీమ్‌ని నడిపించాడు. టులేన్‌ని, ఆ తర్వాత జార్జియాని ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లి, మయామీ చేతిలో ఆగిపోయారు. ఆ ముగ్గురితో ఆడిన ఒక్క మ్యాచ్‌లోనూ కిఫిన్ వాళ్ల పక్కన లేడు.

2026 సెప్టెంబర్ షెడ్యూల్‌లో ఎల్‌ఎస్‌యూ ఆడాల్సిన మ్యాచ్ ఒకటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో. మావాడు టికెట్ల వేటలో పడ్డాడు.