గ్రహాన్ని పేల్చే ఆయుధం: లెక్కలో, ఆటలో

కంప్యూటర్ మీద ఆడే అంతరిక్ష యుద్ధపు ఆటలు మీలో చాలామందికి పరిచయమే. నక్షత్రాల మధ్య రాజ్యాలు స్థాపించాలి, నౌకలు నిర్మించాలి, ఎత్తుకు పైఎత్తు వేసి శత్రువును ఓడించాలి. ఇలాంటి కొన్ని ఆటలలో ఒక మహాయుధం కూడా ఉంటుంది. అది ఒక్క దెబ్బతో గ్రహాన్నే ముక్కలు చేస్తుంది. నిజంగా అలాంటి ఆయుధం సాధ్యమా? ఆటలో దాన్ని నిజానికి దగ్గరగా చూపితే ఏమవుతుంది? చూద్దాం.

ముందు లెక్క

భూమిలోని ప్రతి ముక్కనూ మిగిలిన భూమి తన గురుత్వాకర్షణతో పట్టి ఉంచుతుంది. కాబట్టి భూమిని బీటలు వారేలా చేస్తే చాలదు. ముక్కలు మళ్ళీ ఒకచోటికే వచ్చి చేరతాయి. అవి ఎప్పటికీ తిరిగి కలవనంత వేగంతో వాటిని విసిరివేయాలి. అందుకు 2 × 10³² జౌళ్ళకు పైగా శక్తి కావాలి.

ఇది ఎంత శక్తి? సూర్యుడు సెకనుకు సుమారు 3.8 × 10²⁶ జౌళ్ళ శక్తిని వెదజల్లుతున్నాడు. అందులో రవ్వంత కూడా వృథా పోకుండా దాదాపు వారం రోజులు కూడబెడితే, భూమిని విడదీయడానికి సరిపోతుంది! మానవుడు ఇంతవరకు పేల్చిన బాంబులన్నిటిలో పెద్దది 1961లో సోవియట్ యూనియన్ పేల్చిన హైడ్రోజన్ బాంబు. దాని బలం సుమారు 50 మెగాటన్నులు. అలాంటి బాంబులు సుమారు వెయ్యి లక్షల కోట్లు కావాలి. ఇంత శక్తిని ఒక నౌకలో దాచి, ఒక్క క్షణంలో వదిలే మార్గం మనకు తెలిసిన భౌతికశాస్త్రంలో కనిపించదు.

లెక్క ప్రకారమే ఆడితే?

సరే, శక్తి ఎలాగో దొరికిందనుకుందాం. దాన్ని కాంతికిరణంగా మార్చి ప్రయోగించామనుకుందాం. కాంతిని మించిన వేగం లేదు. సూర్యుడి దగ్గర బయలుదేరిన కిరణం సుమారు 8 నిమిషాల 20 సెకన్లలో భూమిని చేరుతుంది. కిరణం బయలుదేరిన దృశ్యాన్ని మనకు చూపించేదీ కాంతే కదా! అందుచేత దెబ్బా, దెబ్బ వస్తున్నదన్న కబురూ ఒకే క్షణంలో వస్తాయి. తప్పుకునే వ్యవధి లేదు, పైఎత్తు వేసే వీలు లేదు. ముందు మీట నొక్కినవాడిదే గెలుపు. అలాంటి ఆటను రెండోసారి ఎవరు ఆడతారు?

అందుకే ఆట తయారుచేసేవారు నిజాన్ని కొంత పక్కన పెడతారు. ఇది కొత్త సంగతి కాదు. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు 'స్పేస్‌వార్' అనే ఆటను తయారుచేశారు. అందులో నడుమనున్న నక్షత్రం నౌకలను తనవైపు లాగేది గాని, టార్పెడోలను లాగేది కాదు. అన్నిటికీ లెక్క కట్టే శక్తి ఆనాటి కంప్యూటర్‌కు లేదు. అయినా ఆట రక్తి కట్టింది.

బలానికి తగిన బలహీనత

మన పులి-మేక ఆటను గుర్తుకు తెచ్చుకోండి. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపగలదు. మేక పులిని చంపలేదు. కాని మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టివేయగలవు. పులికి ఆ ఒక్క చిక్కూ లేకపోతే ఆటే లేదు.

అంతరిక్షపు ఆటలలోనూ ఇదే సూత్రం. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2016లో విడుదల చేసిన 'స్టెల్లారిస్' అనే ఆటలో, 2018లో 'కొలోసస్' అనే గ్రహనాశక నౌకను చేర్చారు. అది గ్రహాన్ని పగలగొట్టగలదు. కాని శత్రునౌకలపై కాల్చే ఫిరంగులు దానికి లేవు. దాని ఆయుధం సిద్ధం కావడానికి సమయం పడుతుంది. ఒక రాజ్యం ఒకసారి ఒక్కదాన్నే ఉంచుకోగలదు. దానికి తోడుగా నౌకాదళాన్ని పంపాలి. ఆ లోపల ఎదుటివాడు దాన్ని కూల్చవచ్చు. ఇవేవీ భౌతికశాస్త్రం పెట్టిన నియమాలు కావు. ఎదుటి ఆటగాడికి ఒక అవకాశం మిగల్చడానికి పెట్టినవి.

ఆట వెలుపల

నిజమైన ఆయుధాలకు ఇలాంటి బలహీనతలు పెట్టేవారు ఎవరూ లేరు. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ సముద్రం పైన, సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, 1.4 మెగాటన్నుల అణుబాంబును పరీక్షించింది. దాని విద్యుదయస్కాంత తరంగానికి దాదాపు 1,450 కిలోమీటర్ల దూరాన ఉన్న హవాయిలో కొన్ని వీధిదీపాలు ఆరిపోయాయి. అంతరిక్షంలో మిగిలిపోయిన రేడియేషన్ వల్ల అనేక ఉపగ్రహాలు దెబ్బతిన్నాయి. వాటిలో అమెరికావీ ఉన్నాయి, దాని మిత్రదేశమైన బ్రిటన్‌దీ ఉంది. ఆయుధానికి తన, పర భేదం తెలియదు.

అందువల్ల నియమాలను మనుషులే రాసుకోవలసి వచ్చింది. అణ్వాయుధాలను, సామూహిక వినాశనం కలిగించే ఇతర ఆయుధాలను భూమి చుట్టూ కక్ష్యలో ఉంచరాదని 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక నిషేధించింది. భారతదేశం కూడా అందులో ఉంది. ఆటలో నియమాన్ని కంప్యూటర్ అమలు చేస్తుంది. ఇక్కడ మాట ఇచ్చిన దేశాలే దాన్ని నిలబెట్టుకోవాలి. ఓడిపోతే ఆటను మళ్ళీ మొదలు పెట్టవచ్చు గాని, భూమిని మళ్ళీ మొదలు పెట్టలేం.

మీకొక లెక్క: చంద్రుణ్ణి విడదీయడానికి సుమారు 1.2 × 10²⁹ జౌళ్ళు చాలు. సూర్యుడి మొత్తం శక్తి అందుకు ఎంతసేపు కావాలి? జవాబు 5 నిమిషాల కంటె కొంచెం ఎక్కువ వస్తే, మీ లెక్క సరిపోయినట్లే.