పంచాయతీ బండ్లకు రంగు: నునుపు వచ్చు విధము

2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున తెలంగాణలోని గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొనినవి. ఎండకును వానకును బయటనే నిలుచు బండ్లకు రంగు వెలసి, రేకు అంచులు త్రుప్పు పట్టుట సహజము. మరల రంగు వేయించుటకు తీర్మానించునపుడు సభ్యులు తరచు రంగు వెలను మాత్రమే విచారింతురు. అంతకంటె ముఖ్యముగా విచారింపవలసినది రంగుకు ముందు జరుగు పని.

త్రుప్పును, పాత రంగు పెచ్చులను వైరు బ్రష్షుతోను, 80 నంబరు ఎమెరీ కాగితముతోను పూర్తిగా తీయించవలెను. త్రుప్పుపైననే రంగు వేసిన యెడల అది లోలోపల పెరిగి రంగును పొక్కులుగా పైకెత్తును. గ్రీజు మరకలను థిన్నరులో తడిపిన గుడ్డతో తుడువవలెను. సొట్టలకు లప్పము పెట్టి, ఆరిన పిదప రుద్ది, ప్రైమరు కొట్టి, 400 నంబరు, తరువాత 600 నంబరు వాటరు పేపరుతో నీరు పోయుచు సాపు చేయవలెను. కన్నులు మూసికొని అరచేతితో తడిమినచో గరుకు తెలియును. ఈ పరీక్షను సభ్యులే చేయవచ్చును. ఇప్పుడు కంటికి కనబడని గీత, పై రంగు పడిన వెంటనే బయటపడును.

ఇక స్ప్రే గన్ను సంగతి. అది రంగును గాలితో సన్నని తుంపరలుగా చేయును. ఆ తుంపరలు తడిగా నున్నపుడే ఒకదానిలో నొకటి కలిసి పరచుకొనినచో అద్దము వంటి నునుపు వచ్చును. రంగు చిక్కనైనను, గాలి ఒత్తిడి చాలకున్నను, గన్ను దూరమైనను, అవి కలియక నారింజ తొక్క వలె గుంటలు గుంటలుగా నిలుచును. రంగు మరీ పలుచనైనను, గన్ను మరీ దగ్గరైనను కారును. సాధారణపు గన్నును 8 మొదలు 10 అంగుళముల దూరమున, రేకునకు సమాంతరముగా నడుపవలెను. విసనకఱ్ఱ వలె ఊపినచో నడుమ దట్టముగను, చివరల పలుచగను పడును. ప్రతి వరుసయు ముందరి వరుసపై సగము పడవలెను. మందముగా ఒక పూత కంటె పలుచగా రెండు మూడు పూతలు మేలు. నడుమ పది పదిహేను నిముషములు ఆరనీయవలెను. మన వేసవిలో మధ్యాహ్నమునకు రేకు చేయి పెట్టరానంత కాగును గనుక ఉదయమే పని ముగించుట మంచిది. వానకాలమున కంప్రెసరు అడుగున చేరిన నీటిని దినదినము వదలనిచో నీటిచుక్కలు గాలితో వచ్చి రంగును చెరచును.

గట్టిదనమునకై హార్డెనరు కలిపి వాడు పాలియురిథేను రంగులలో ఐసోసయనేటులుండును. వాటి తుంపరలను పీల్చిన పనివారికి ఉబ్బసము రావచ్చును. మూతికి కట్టిన తువ్వాలు వాటిని ఆపదు. గొట్టముతో శుభ్రమైన గాలి నందించు ముసుగు లేనిచోట ఆ రంగునకు పోక సింథటిక్ ఎనామెలు వేయించుటయే ఉచితము. దానికిని ఆవిరులను పీల్చుకొను గుళికలు గల ముసుగు ఉండవలెను. థిన్నరు త్వరగా అంటుకొనును గనుక దగ్గర బీడీ వెలిగింపరాదు. బడి ప్రక్కను, అంగన్‌వాడీ ప్రక్కను ఈ పని పెట్టరాదు.

నీటి ట్యాంకరు విషయమున మరింత జాగ్రత్త అవసరము. ఇండ్ల రంగులలో సీసము పది లక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమము 2017 నవంబరు నుండి అమలులో నున్నది. బండ్ల రంగులకు ఆ నియమము వర్తింపదు. కావున కొట్టుటకు ముందు ట్యాంకరు మూతను, గొట్టపు మూతులను కప్పించవలెను. లోపలి భాగమునకు త్రాగునీటికి తగినదని తయారీదారు వ్రాసియిచ్చిన పూతనే వాడవలెను. ఈ షరతును తీర్మానములోనే చేర్చినచో బిల్లు నాడు వాదము లేకుండును.