ఎండాకాలం హ్యాట్ కొంటున్నారా? అద్దంలో కాదు, ముందు ఎండలో చూడండి

ఎండలు మొదలైపోయాయి కదా, అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం హ్యాట్ల గురించే. నా ముందు టేబుల్ మీద ఐదు రకాలు పెట్టుకున్నాను. స్టైల్‌గా ఉండాలి, ఎండ కూడా ఆపాలి, రెండూ కుదిరేది ఏదో చూద్దాం. ఫోన్ పక్కన పెట్టేయకండి, మధ్యలో ఫోన్‌తోనే చేసే టెస్ట్ ఒకటి ఉంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. తెల్లగా అవ్వడానికి హ్యాట్ పెట్టుకోండి అని నేను అనట్లేదు. ఆ గోల మనకొద్దు. నేను భయపడేది మంగు గురించి. మా ఫ్రెండ్ ఒకమ్మాయి అనంతపురం వైపు ఫీల్డ్ సర్వే పని చేస్తుంది, రోజంతా ఎండలోనే. రెండేళ్లుగా రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు. డాక్టర్ ఇచ్చిన క్రీమ్‌తో చలికాలంలో తగ్గాయి, ఏప్రిల్ రాగానే మళ్లీ వచ్చేశాయి. మంగు సంగతి అంతే, ఎండ తగిలితే తిరగబెడుతుంది. మన లాంటి చామనఛాయ చర్మం మీద అల్ట్రావయొలెట్ ఒక్కటే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా దాన్ని పెంచుతుంది. సన్‌స్క్రీన్ రాసుకోవాల్సిందే, కానీ అది చెమటకి కారిపోతుంది. నీడ కారిపోదు కదా!

ఆ అమ్మాయి అప్పటిదాకా పెట్టుకున్నది మామూలు క్రికెట్ క్యాప్. క్యాప్ నుదుటికీ ముక్కుకీ నీడ ఇస్తుంది. బుగ్గల పక్క భాగం, చెవులు, మెడ వెనక అన్నీ ఎండకే. అందుకని హ్యాట్‌లో మొదట చూడాల్సింది రంగు కాదు, అంచు. బ్రిమ్ అంటారు కదా, అదే. చుట్టూ కనీసం 3 ఇంచులు, అంటే ఏడున్నర సెంటీమీటర్లు ఉండాలి. ఇదిగో ఈ బకెట్ హ్యాట్ చూడండి, క్యూట్‌గా ఉంది, దీని అంచు 2 ఇంచులే. కిందికి వాలి ఉంది కాబట్టి కొంచెం నయం. ఈ ఫెడోరాది కూడా 2 ఇంచులే, పైగా అంచు పైకి తిరిగి ఉంది. ఫోటోకి సూపర్, బస్టాప్‌లో వేస్ట్.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. మే నెల మధ్యాహ్నం మన దగ్గర సూర్యుడు దాదాపు నడినెత్తి మీదే ఉంటాడు. ఆ టైమ్‌లో ఏ హ్యాట్ పెట్టుకున్నా ముఖం మీద నీడ పడుతుంది. అసలు పరీక్ష పొద్దున 9కి, సాయంత్రం 4కి. ఎండ పక్క నుంచి వస్తుంది అప్పుడు. కాబట్టి షాపులో లైట్ల కింద అద్దం చూసుకుని కొనేయకండి. ఒక్క నిమిషం బయటికి వచ్చి, సూర్యుడి వైపు సగం తిరిగి, ఫ్రంట్ కెమెరా ఆన్ చేయండి. నీడ గీత ఎక్కడ ఆగిందో స్క్రీన్ మీద కనిపిస్తుంది. బుగ్గ ఎముక దాటి కిందికి వచ్చిందా, తీసుకోండి. కంటి దగ్గరే ఆగిపోయిందా, షాపాయనకి థాంక్స్ చెప్పి ఇచ్చేయండి.

రెండోది అల్లిక. గడ్డి హ్యాట్, స్ట్రా హ్యాట్ అని అమ్మేవాటిలో కన్నాలు కన్నాలుగా ఉండేవి చాలా ఉన్నాయి. గాలి ఆడుతుంది నిజమే, ఎండ కూడా ఆడుతుంది! ఫోన్ టార్చ్ వేసి అంచు కింద పెట్టి పైనుంచి చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుగు వస్తోందంటే మీ బుగ్గల మీద కూడా అవే చుక్కలు పడతాయి. టార్చ్ వెలుగు, యూవీ ఒకటి కాదనుకోండి, కానీ కన్నం కన్నమే. కన్నాలు తల మీద భాగంలో, పక్కలకి ఉంటే పర్లేదు, వేడి బయటికి పోతుంది. అంచులో మాత్రం ఉండకూడదు. ఆన్‌లైన్‌లో కొంటే యూపీఎఫ్ 50 అని ఉందేమో చూడండి. అంటే యూవీలో 50 వంతుల్లో ఒక వంతే బట్ట దాటుతుందని అర్థం. అది బట్ట సంగతి మాత్రమే. అంచు చిన్నదైతే 50 ఉన్నా ఏం లాభం.

ఇంకొకటి, రోడ్డు పక్కన స్ట్రా అని ఇచ్చేవి చాలావరకు మెలిపెట్టిన కాగితం. తక్కువ రేటుకి వస్తాయి, బాగానే ఉంటాయి, ఒక్క వాన పడితే వంగిపోతాయి. పనామా హ్యాట్ అని అమ్ముతారు చూశారా, అసలు అది పనామాదే కాదు, ఈక్వడార్‌ది. టోకిల్లా అనే మొక్క ఆకుల నారతో చేత్తో అల్లుతారు. ఆ అల్లికని 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన బజార్లో దొరికేది ఎక్కువగా ఆ షేప్ మాత్రమే. రోజూ వాడాలంటే నేనైతే దళసరి కాటన్‌కే ఓటేస్తాను. ఉతుక్కోవచ్చు, మడిచి బ్యాగులో పడేయొచ్చు. తలకి నూనె రాసుకునేవాళ్లకి ఇది ముఖ్యం, గడ్డి హ్యాట్‌కి నూనె మరక పడితే ఇక పోదు.

సైజుకి టేప్ లేకపోతే ఛార్జర్ కేబుల్ చాలు. నుదుటి మధ్య నుంచి చెవుల పైగా తల వెనక్కి చుట్టి, ఎంత వచ్చిందో స్కేల్ మీద కొలవండి. దానికి ఒక సెంటీమీటర్ కలపండి. జుట్టు ఎలా వేసుకుని తిరుగుతారో అలాగే వేసుకుని కొలవాలి. పైకి ముడి వేస్తే హ్యాట్ దిగదు, నెత్తి మీద బోర్లించిన గిన్నెలా ఉంటుంది. కింద జడ, లేదా మెడ దగ్గర ముడి అయితే కరెక్ట్‌గా కూర్చుంటుంది. విశాఖ బీచ్ లాంటి చోటికి వెళ్తే గడ్డం కింద తాడు ఉన్నది తీసుకోండి, లేకపోతే హ్యాట్ వెనక పరుగెత్తడమే పని. స్కూటీ మీద అయితే హెల్మెట్టే, అందులో డిస్కషన్ లేదు. హ్యాట్ బ్యాగులో ఉంటుంది, దిగాక పెట్టుకుంటారు.

ముఖం గుండ్రంగా ఉంటే ఇది, కోలగా ఉంటే అది అని చార్టులు తిరుగుతుంటాయి. నేను పెద్దగా నమ్మను. భుజాలు చూసుకోండి చాలు. అంచు భుజాలంత వెడల్పుకి వస్తే, పొట్టిగా ఉన్నవాళ్లు గొడుగు కింద ఉన్నట్టు కనిపిస్తారు. అప్పుడు మూడు, మూడున్నర ఇంచుల దగ్గర ఆగిపోండి. పైన గోధుమ రంగో, లేత బూడిద రంగో ఉంటే కుర్తీలన్నిటికీ కలుస్తుంది. అంచు కింది వైపు మాత్రం ముదురు రంగు బెటర్. తెలుపైతే నేల మీద నుంచి వచ్చే వెలుగుని మళ్లీ ముఖం మీదికే కొడుతుంది. స్టైల్ కావాలంటే రిబ్బన్ మార్చండి. పాత చున్నీ అంచు కత్తిరించి హ్యాట్ చుట్టూ కడితే డ్రెస్‌కి మ్యాచింగ్ అయిపోతుంది. మంగళగిరి కాటన్ కుర్తాకి ఇలా కట్టి చూపిస్తున్నా చూడండి, ఎంత బాగుందో.

ఇక అసలు అడ్డంకి. "ఏంటమ్మా, షూటింగ్‌కా?" అంటారు. మా ఫ్రెండ్‌ని కూడా అన్నారు. ఆమె ముదురు ఆకుపచ్చ కాటన్ హ్యాట్ కొనుక్కుంది, మూడున్నర ఇంచుల అంచు, తాడుతో. మొదటి వారం ఊళ్లో పిల్లలు వెనకే వచ్చారట. రెండో వారం ఆమె టీమ్‌లోనే ఇంకో ఇద్దరు ఎక్కడ కొన్నావని అడిగారు. మంగు పూర్తిగా పోలేదు, క్రీమ్ ఇంకా వాడుతోంది, కానీ ఈసారి ఏప్రిల్‌లో పెరగలేదని చెప్పింది.

ఇంటికొచ్చాక హ్యాట్‌ని అంచు మీద కాకుండా తలకిందులుగా పెట్టండి, షేప్ పోదు. గడ్డిదైతే మూసిన కారులో వదిలేయకండి. సరే, వచ్చే ఎపిసోడ్‌లో కూలింగ్ గ్లాసుల సంగతి చూద్దాం. ఉంటాను మరి, బై అండి.